దిగిపోయిన (రిటైరైన) కార్మికుడికి కంపెనీ క్వార్టర్ రాసివ్వాలా, వద్దా?

బెల్లంపల్లి బిడ్డ (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్తే. సింగరేణి బొగ్గు గని కార్మికుల సొంతింటి డిమాండ్ ఇవాళ్టిది కాదు. 2023 డిసెంబరు 27న గుర్తింపు సంఘం (కార్మికుల తరఫున యాజమాన్యంతో మాట్లాడే యూనియన్) ఎన్నికలు జరిగాయి, ఏఐటీయూసీ గెలిచింది. ఆ ప్రచారంలో కూడా ఇంటి స్థలం, వడ్డీ లేని అప్పు అనే మాటలు గట్టిగానే వినబడ్డాయి. నేను ఇంకాస్త ముందుకు వెళ్లి అడుగుతున్నాను. కార్మికుడు ఇరవై ముప్ఫై ఏళ్లు కాపురమున్న క్వార్టర్‌కే ఒక ధర కట్టి, దిగిపోయే రోజున అతని పేర రాసిస్తే తప్పేంటి? నేను ఇవ్వాలనే అంటాను.

మా బాపు 33 ఏళ్లు భూగర్భంలో పనిచేసిండు. మొదట ఫిల్లర్, తట్టతో బొగ్గు ఎత్తి టబ్బుల్లో పోసే పని. మేం ముగ్గురు పిల్లలం ఆ రెండు గదుల క్వార్టర్‌లోనే పుట్టి పెరిగాం. దిగిపోయాక నిబంధన ప్రకారం గడువిచ్చారు, గడువులోపే ఖాళీ చేశాం. ఎవరి మీదా ఫిర్యాదు లేదు. కానీ ఆఖరి రోజు బాపు చేసిన పని ఒకటి నా కళ్ల ముందు నుంచి పోవట్లేదు. వెనకాల బట్టలుతికే బండ ఉండేది. నా చిన్నప్పుడు తాండూరు నాపరాయి కొనుక్కొచ్చి తనే వేసుకున్నడు. సామాన్లన్నీ ఆటో ట్రాలీకెక్కినంక బాపు గడ్డపార తీసుకుని ఆ బండను పెకిలించడం మొదలుపెట్టిండు. "ఎందుకు బాపూ, అక్కడ పెట్టుకోను జాగ లేదు" అంటే వినలేదు. బండ లేపితే కింద మట్టి కనిపించలేదు. అవ్వ పదిహేనేళ్లు పొయ్యిలోంచి తీసి పోసిన బొగ్గు బూడిద, గట్టిపడి నల్లటి గచ్చులా ఉంది. ఇప్పుడు మంచిర్యాలలో మూడో అంతస్తు పోర్షన్‌లో ఉంటున్నాం. ఆ బండ మెట్ల కింద గోడకి ఆనించి ఉంది. బాపు రోజూ దాని పక్కనుంచే కిందికి దిగుతడు.

మీరేమంటారు?

పాత ఎస్టేట్ గుమస్తా

తమ్ముడూ, నువ్వు రాసింది చదివి మనసు కలుక్కుమంది. నేను క్వార్టర్లు కేటాయించే కౌన్సెలింగ్ పనిలోనే చాలా ఏళ్లు ఉన్నాను. అయినా నీ మాటకు ఒప్పుకోలేను. కోపగించుకోకుండా విను.

ముందు ఈ క్వార్టర్లు ఎందుకు కట్టారో చూడు. 1871లో విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని కనిపెట్టినప్పుడు అదంతా అడవి. 1886లో ఇంగ్లండులో పెట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు తీసుకుంది. 1889లో బొగ్గు తీయడం మొదలైంది. అప్పుడు ఆ అడవిలోకి పనికి ఎవరొస్తారు? చలిజ్వరం, పులులు, తాగను నీళ్లు లేవు. వచ్చినవాడు నాలుగు రోజులుండి ఊరికి పారిపోతే బాయి (గని) నడవదు. అందుకని ఇల్లు, దవాఖానా, అంగడి అన్నీ కంపెనీయే చూసుకోవాల్సి వచ్చింది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ పేరుతో కంపెనీ ఏర్పడ్డాక, 1945లో నిజాం సర్కారు కొన్నాక, ఇప్పుడు రాష్ట్రానికి 51, కేంద్రానికి 49 శాతం వాటాలతో నడుస్తున్నా, ఆ పద్ధతి మారలేదు. క్వార్టర్ అనేది బాయికి అనుబంధం. టోపీకి పెట్టుకునే దీపం, క్యాప్ ల్యాంప్ ఎలాగో అదీ అంతే. షిఫ్ట్ అయిపోతే ల్యాంప్ రూములో అప్పజెప్పి పోతాం కదా, ఇంకొకడు పెట్టుకుని దిగాలి.

రెండో మాట, నా లెక్కన ఇదే అసలు మాట. 1990ల మొదట్లో కంపెనీలో లక్ష దాటి కార్మికులున్నారు. ఇప్పుడు 40 వేల దరిదాపుకు వచ్చారు. దాంతో క్వార్టర్లు మిగిలిపోయాయి కదా అంటారు. మిగిలింది అన్ని చోట్లా కాదు. బాయిలు మూతపడ్డ ఇల్లందులో, మీ బెల్లంపల్లిలో మిగిలాయి. పని నడుస్తున్న చోట ఇప్పటికీ మంచి క్వార్టర్ కోసం సీనియారిటీ లెక్కపెట్టుకుంటూ కూర్చునేవాళ్లున్నారు. ఉన్నవి అమ్మేస్తే కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడు ఎక్కడుంటాడు?

బెల్లంపల్లి బిడ్డ

సార్, క్యాప్ ల్యాంప్‌తో పోల్చడం న్యాయం కాదు. ల్యాంప్ కింద ఎవరికీ పురుళ్లు పోయలేదు.

ఇంకొకటి. స్వాతంత్ర్యానికి కాస్త ముందు 1947లో కేంద్రం బొగ్గు గని కార్మికుల సంక్షేమ నిధి చట్టం తెచ్చింది. గనినుంచి బయటికి పోయే బొగ్గు మీద సెస్సు వేసి, ఆ డబ్బుతో దేశమంతా గని కార్మికులకు ఇళ్లు, దవాఖానాలు కట్టించారు. ఆ బొగ్గు ఎత్తింది ఎవరు? మా బాపు లాంటి ఫిల్లర్లే కదా. కంపెనీ తన జేబులోంచే కట్టింది అన్నట్టు మాట్లాడితే ఎలా?

టీచరక్క, గోదావరిఖని

ఇద్దరూ మగవాళ్ల లెక్కలోనే మాట్లాడుతున్నారు. క్వార్టర్ ఆయన ఉద్యోగంతో వస్తుంది, ఆయన ఉద్యోగంతో పోతుంది. ఆ ఇంట్లో ఎక్కువ గంటలు గడిపింది ఎవరు? నైట్ షిఫ్ట్ చేసి వచ్చిన మనిషి పగలు పడుకోవాలని, పిల్లల్ని సప్పుడు కాకుండా బయట వేపచెట్టు కింద కూర్చోబెట్టింది ఎవరు?

మా స్కూల్లో చదివిన పిల్లల ఇళ్లలో చూశాను. తండ్రి ప్రమాదంలో పోతేనో, మెడికల్ అన్‌ఫిట్ అయితేనో కారుణ్య నియామకం కింద ఒక్క బిడ్డకు ఉద్యోగం వస్తుంది. ఆ ఉద్యోగంతోపాటే ఇంట్లో ఉండే హక్కు కూడా ఆ ఒక్కరి చేతికి పోతుంది. తల్లి ఎవరి దయ మీద ఉండాలి? కొడుకు పేర ఉద్యోగం అయినంక తల్లిని చెల్లెలింటికి పంపించిన ఇళ్లు నాకు తెలుసు. అందుకే చెబుతున్నా. రాసిస్తారో, లీజుకిస్తారో, స్థలమిస్తారో మీ ఇష్టం. ఏ కాగితమైనా భార్యాభర్తలిద్దరి పేర ఉండాలి. అది లేకపోతే ఈ డిమాండ్‌కు నా సంతకం ఉండదు.

పాత ఎస్టేట్ గుమస్తా

అక్కా, ఈ మాటకి నేను ఎదురు చెప్పను.

కిరండూల్ నుంచి వైజాగ్

సింగరేణి బయటి మనిషిని, అయినా నాకూ ఇలాంటి బాల్యమే. మా నాన్న బైలదిల్లా ఇనుప గనుల్లో చేశారు. ఛత్తీస్‌గఢ్ దంతెవాడ జిల్లా, కొండ కింద కిరండూల్. 1968లో అక్కడ పద్నాలుగో నంబరు డిపాజిట్‌లో (ఖనిజం ఉన్న చోటు) తవ్వకం మొదలైంది. ఖనిజం జపాన్ పోవాలని కొత్తవలస నుంచి కిరండూల్ దాకా కొండల్ని తొలిచి రైలు మార్గం వేశారు. ఆ రైలు పట్టుకునే శ్రీకాకుళం, విజయనగరం, వైజాగ్ వాళ్లు బోలెడుమంది అక్కడికి పనికి వెళ్లారు. క్వార్టర్, బడి, ఆసుపత్రి, క్లబ్బు, గుడి అన్నీ టౌన్‌షిప్‌లోనే. గేటు దాటితే అడవి.

మాకు తెలిసిన వాళ్లెవరూ అక్కడి క్వార్టర్ సొంతం కావాలని అడిగినట్టు నాకు గుర్తులేదు. రిటైరైన వారం లోపు సామాను లారీకెక్కేది. నాన్న సర్వీసులో ఉండగానే గాజువాక వైపు స్థలం కొనుక్కున్నారు. మా వరసలో ఉన్నవాళ్లందరూ ఇలాగే సర్దుకున్నారు. కిరండూల్‌లో తెలుగు ముసలివాళ్లు కనబడేవాళ్లు కాదు. నాకు చిన్నప్పుడు అది మామూలే అనిపించేది. ఇప్పుడు ఆలోచిస్తే, ఒక ఊళ్లో తాతలూ అమ్మమ్మలూ లేకపోవడం ఏంటి అనిపిస్తుంది. ఎవరికి ఎవరూ చుట్టాలు కారు, పోయినవాళ్ల తద్దినం పెట్టే ఇల్లు లేదు. అయినా నాన్న సంతోషంగానే దిగి వచ్చారు. ఎందుకంటే వెనక్కి రావడానికి ఆయనకు ఒక ఊరు ఉంది. బెల్లంపల్లి తమ్ముడి బాపుకు వెనక్కి వెళ్లే ఊరు ఉందా లేదా అన్నది పెద్ద తేడా అని నా ఉద్దేశం.

ఇంకో సంగతి. భిలాయి ఉక్కు కర్మాగారం వాళ్లు 2000ల మొదట్లో ఉద్యోగులకీ, రిటైరైనవాళ్లకీ టౌన్‌షిప్ ఇళ్లను దీర్ఘకాల లీజుకు ఇచ్చారు. మా పెద్దమ్మ వాళ్లు అలా తీసుకున్న ఇంట్లోనే ఉన్నారు. కాబట్టి ప్రభుత్వ రంగంలో ఎక్కడా లేని కోరిక కాదు ఇది.

బెల్లంపల్లి బిడ్డ

అన్నా, భలే మాట చెప్పారు. బాపుది కరీంనగర్ వైపు పల్లె. ఉన్న రెండెకరాలు అన్నదమ్ములే చేసుకుంటున్నరు, ఆయన ఏనాడూ వాటా అడగలేదు. వెనక్కిపోతే చుట్టమే తప్ప ఆ ఊరివాడు కాడు. నలభై ఏళ్లుగా ఆయన ఊరు బెల్లంపల్లే.

పాత ఎస్టేట్ గుమస్తా

భిలాయి సంగతి నాకూ తెలుసు. కానీ ఉక్కు కర్మాగారం ఉన్నచోటే ఉంటుంది, బాయి అలా కాదు. బొగ్గు అయిపోతే మూసేస్తారు. లేదా పైనున్న ఊరినే లేపి, పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్ట్ చేస్తారు. క్వార్టర్ కింద బొగ్గుందో, బొగ్గు తీసిన పాత గ్యాలరీ (సొరంగం) ఉందో, రేపు దాని పక్కన బ్లాస్టింగ్ చేస్తారో ఎవరు చెప్పగలరు? రాసిచ్చిన ఇంటిని మళ్లీ కంపెనీయే నష్టపరిహారమిచ్చి తీసుకోవాలి. ఇంకా చిన్న సంగతులున్నాయి, చిన్నవిగా కనిపిస్తాయి గానీ రోజూ ప్రాణం తీసేవి అవే. ఇవాళ నల్లా నీళ్లు, కరెంటు, మురికి కాలువ, వీధి దీపం కంపెనీ చూస్తోంది. ఇల్లు నీదయ్యాక ఎవరు చూస్తారు? ఒక లైనులో పది ఇళ్లుంటే నాలుగు అమ్ముడై, మూడు అద్దెకుపోయి, రెండు ఖాళీగా ఉండి, ఒకే ఒక్క ఇంట్లో కార్మికుడుంటే ఆ పైపులైను రిపేరు ఎవరి బాధ్యత?

ఓబీ డ్రైవర్

నేను ఓబీ, అంటే బొగ్గు పైనుండే మట్టి తీసే కాంట్రాక్టు కింద డంపర్ నడుపుతాను. ఏ కంపెనీ, ఏ ఏరియా అనేది చెప్పను, రేపు డ్యూటీకి పోవాలి. మీ చర్చ మొత్తం చదివాను. ఒక్క పోస్టులో కూడా మా ఊసు లేదు.

మాకు క్వార్టర్ రాసివ్వడం సంగతి తర్వాత, ఉండడానికే ఇవ్వరు. కాంట్రాక్టరు వేయించిన రేకుల షెడ్డులో ఉంటాం. ఒక గదికి ఎనిమిది మందిమి. పగటి బ్యాచ్ లేస్తే రాత్రి బ్యాచ్ పడుకుంటుంది, అవే పరుపులు. వాటికి చల్లారే టైమే ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో రేకు కింద పగలు నిద్రపోయి చూడండి, అప్పుడు తెలుస్తుంది. నిద్ర చాలకుండా వంద టన్నుల బండిని హాల్ రోడ్డు (గనిలో బళ్లు తిరిగే దారి) మీద దింపేటప్పుడు ఎంత టెన్షన్‌గా ఉంటుందో నేను చెప్పలేను. జార్ఖండ్, బీహార్ పిల్లలు ఉన్నారు మాతో. పెళ్లాం పిల్లల్ని తెచ్చుకునే ఆలోచన కూడా ఎవరికీ లేదు.

పర్మినెంట్ అన్నలకు ఇల్లు దక్కాలి, నేను కాదనను. ఖాళీగా పాడుపడుతున్న క్వార్టర్లంటున్నారే, వాటి తాళాలు మాలాంటి వాళ్లకు ఇవ్వమని ఎందుకు అడగరు? అద్దె కడతాం.

బెల్లంపల్లి బిడ్డ

అన్నా, మీరన్నది నిజం. నా డిమాండ్ రాసుకున్నప్పుడు మీరు నాకు గుర్తు రాలేదు. అందుకు సిగ్గుపడుతున్నాను.

మణుగూరు కోయ

ఇంకెవరు గుర్తు రాలేదో కూడా చెబుతాను అన్నా.

గుమస్తా సార్ "అప్పుడు అదంతా అడవి" అన్నారు. అడవే, కానీ ఖాళీ అడవి కాదు. ఇల్లందు, కొత్తగూడెం, మణుగూరు వైపు కోయ గూడేలు, గుంపులు (చిన్న పల్లెలు) ఉన్నాయి. ఆదిలాబాద్ వైపు గోండులు, కొలాములు ఉన్నారు. బొగ్గు దొరికిందని ఇంగ్లండులో తెలిసింది గానీ, ఆ నేల మీద ఉన్నవాళ్లను అడిగినవాళ్లు లేరు.

1/70 చట్టం పేరు మీ అందరికీ తెలుసు. ఏజెన్సీలో, అంటే షెడ్యూల్డ్ గిరిజన ప్రాంతంలో గిరిజనేతరుడి చేతికి భూమి పోకూడదని 1970లో తెచ్చిన చట్టం. అమ్మకం ఒక్కటే కాదు, ఒక గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి కూడా బదిలీ చేయకూడదు. మణుగూరు ఏజెన్సీలో ఉంది. మందమర్రి ఏజెన్సీ కిందికి వస్తుందా రాదా అన్న పేచీతో అక్కడ ఏళ్ల తరబడి మున్సిపల్ ఎన్నికలే జరగలేదు, పాల్వంచ, మణుగూరుల్లోనూ ఏళ్ల తరబడి జరగలేదు. ఇలాంటి చోట కంపెనీ నేలను గజాల లెక్కన కార్మికుల పేర పట్టా చేయమంటే, అది ఆ చట్టాన్ని వెనక తలుపు నుంచి కూల్చడమే. ఇవాళ కార్మికుడి పేర అయిన స్థలం ఇరవై ఏళ్లలో ఎవరి చేతుల్లో ఉంటుందో మాకు తెలుసు. మెయిన్ రోడ్డు వెంట షాపులు చూస్తే చాలు.

మా తాత వయసువాళ్లకు గుర్తుంది, ఇప్పుడు గుట్టలా కనబడే మట్టి దిబ్బ ఉన్నచోట ఒకప్పుడు ఇప్పచెట్లు ఉండేవి. పువ్వు రాలే కాలంలో ఆడవాళ్లు తెల్లారకముందే బుట్టలు పట్టుకుని పోయేవాళ్లు. ఫలానా చెట్టు ఫలానా ఇంటిది అని అందరికీ ఎరుక. దానికి కాగితం లేదు. మీ బాపు బండకు కూడా కాగితం లేదు కదా అన్నా. మీ బాధ నాకు అర్థమైంది. మా వాళ్ల బాధ మీకు ఎందుకు అర్థం కాదు?

కిరండూల్ నుంచి వైజాగ్

తమ్ముడూ, చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మా టౌన్‌షిప్ గేటు బయట వారం సంత జరిగేది. చింతపండు, చీపుళ్లు, ఇప్పపువ్వు తెచ్చి ఉప్పుకూ బట్టకూ మార్చుకుని పోయేవాళ్లు. మేం వాళ్ల దగ్గర కొనుక్కున్నాం, బేరమాడాం, వాళ్ల భాష ఒక్క ముక్క నేర్చుకోలేదు. పద్దెనిమిదేళ్లు అక్కడే పెరిగాను.

పాత ఎస్టేట్ గుమస్తా

మణుగూరు తమ్ముడు చెప్పిన దాంట్లో చట్టం భాగం అక్షరాలా నిజం. ఏజెన్సీలో పట్టా అన్న మాటే ఎత్తకూడదు. అయితే అన్ని బొగ్గు ఊళ్లూ ఏజెన్సీలో లేవు. కంపెనీ సర్కారుకు అప్పగించిన స్థలాల్లో ఏళ్లుగా ఇళ్లు కట్టుకుని ఉన్నవాళ్లకు జీవో 76 కింద పట్టాలిచ్చారు. అంటే దారి అసలే లేదని కాదు. కానీ ఆ పట్టాలు గుడిసెలు వేసుకుని, తర్వాత గోడలు కట్టుకున్నవాళ్లకు వచ్చాయి. నిబంధన ప్రకారం క్వార్టర్ తాళం అప్పగించి పోయినవాడికి ఏమీ రాలేదు. ఇది నాకు కూడా మింగుడుపడని సంగతే. సర్వీసంతా "టైముకి ఖాళీ చేయండి" అని కాగితాలు పంపినవాణ్ని నేను. మాట విన్నవాడే నష్టపోయాడు.

టీచరక్క, గోదావరిఖని

అందుకే ఈ ఊళ్లన్నిటికీ ఒకే రూలు అనుకోవద్దు. మా దగ్గర కాలనీల పేర్లు చూడండి, ఎయిట్ ఇంక్లైన్ కాలనీ అంటాం, బాయి పేరే ఊరి పేరు. కొన్నిచోట్ల బాయి ముగిసి పేరు మాత్రం మిగులుతుంది. బాయి నడిచే ఊరికి ఒక పద్ధతి, బాయి ముగిసిన ఊరికి ఇంకో పద్ధతి ఉండాలి. ఏజెన్సీ ఊరికి మూడోది, దాన్ని ముందు అక్కడి గ్రామసభే చెప్పాలి.

ఓబీ డ్రైవర్

అక్క చెప్పింది బాగుంది. షెడ్డులో ఉన్నవాళ్లకు కూడా ఒక లైను రాయండి అందులో.

బెల్లంపల్లి బిడ్డ

మొదట అడిగిన ప్రశ్నను మార్చుకుంటున్నాను. మీ అందరి మాటలూ విన్నాక అలాగే పట్టుకుని కూర్చోవడం మంచిది కాదు.

ఏజెన్సీ ఊళ్లలో అమ్మకం, పట్టా అడగను. మణుగూరు తమ్ముడి మాటే నా మాట. బాయిలు నడిచే చోట గుమస్తా సార్ చెప్పినట్టు క్వార్టర్లు కార్మికుల మధ్య చేతులు మారుతూనే ఉండాలి. అందులో కాంట్రాక్టు వాళ్లకు కూడా వాటా ఉండాలి. ఓబీ అన్న అద్దె కడతానంటున్నాడు, రేకుల షెడ్డు కంటే ఖాళీ క్వార్టర్ వేయి రెట్లు నయం. ఇక ఏజెన్సీ కాని, బాయిలు మూతపడ్డ ఊళ్లు. అక్కడ మాత్రం నేను వెనక్కి తగ్గను. తలుపులు, కిటికీలు ఊడదీసుకుపోయి, గోడల్లో రావిమొక్కలు మొలిచిన క్వార్టర్లను అలా వదిలేసే బదులు, భిలాయిలో లాగా భార్యాభర్తలిద్దరి పేరా బతికున్నంత కాలం లీజుకు ఇవ్వాలి. అమ్ముకునే హక్కు అడగను. నీళ్లు, కాలువ మున్సిపాలిటీ చూసుకోవాలి, అది ఎలాగూ మిగతా పట్టణానికి చూస్తున్నదే కదా.

ఇప్పుడే బాపుకు ఇదంతా చదివి వినిపించాను. మొదట ఏమీ అనలేదు. తర్వాత "మన పక్కింటి క్వార్టర్‌ల ఎవరుంటున్నరు?" అని అడిగిండు. ఎవరూ లేరని చెప్పాను. "ఎదురింట్ల?" అక్కడా ఎవరూ లేరు. "మరి లీజుకిస్తే నేనొక్కణ్నే పోయి ఏం చేస్తరా, లైను లైను మొత్తం అడుగు" అన్నడు. లైనులో మొత్తం పన్నెండు ఇళ్లు. అందులో నలుగురు ముసలివాళ్లు మంచిర్యాల, నస్పూర్‌లలో అద్దెకుంటున్నారని బాపుకు తెలుసు, ఫోన్ నంబర్లు ఉన్నాయి. మిగతావాళ్లు ఎక్కడున్నారో వాళ్లకు తెలుస్తుందంటున్నడు.

ఆదివారం బాపును బండి మీద తీసుకుపోయి మా లైనులో ఎన్నింటికి తాళాలున్నాయో, ఎన్నింటికి తలుపులే లేవో రాసుకొస్తాను. ఇక్కడే పెడతాను. టీచరక్కా, గోదావరిఖని వైపు లెక్క మీరు చూడగలరా? మణుగూరు తమ్ముడూ, మీ గుంపుల్లో ఎన్ని కుటుంబాలు ఎక్కడినుంచి ఎక్కడికి లేచిపోయాయో ఆ లెక్క కూడా ఇదే కాగితంలో పక్కన ఉండాలి, నువ్వు రాస్తేనే అది సరిగ్గా ఉంటుంది.

మణుగూరు కోయ

రాస్తాను అన్నా. కానీ ముందు ఊళ్లో పెద్దోళ్లను అడిగి, వాళ్లు సరేనంటేనే పెడతాను.